మాటలు ఆగిన చోట సిరీల్ ఎమే ఏం పాడుతుంది?

జాజ్ కొత్తగా వినేవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పాట మొదలవుతుంది. గాయని ఇంగ్లీషులో శుభ్రంగా పాడుతుంది, పల్లవి లాంటిది తిరిగి వస్తుంది. అంతలో మాటలు మాయమై ‘దూ-ద-బి-దా, బ్యా-ద-లు-దప్’ అంటూ అర్థం లేని అక్షరాలు వరుస కడతాయి. నిమిషం, రెండు నిమిషాలు అదే. పక్కన గిటార్ వాయించే ఆయన నవ్వుతూ తల ఊపుతుంటాడు, హాల్లో జనం మధ్యలోనే చప్పట్లు కొడతారు. కొత్తగా వింటున్నవాళ్లకి మాత్రం ‘నోటికొచ్చింది అంటోంది, ఇందులో అంత మెచ్చుకోవడానికి ఏముంది?’ అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఫ్రెంచ్ గాయని సిరీల్ ఎమే గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆమెది పెద్ద గొంతు కాదు. హాలు చివరిదాకా దూసుకుపోయే గొంతు కాదు, లోతుల్లో ఉరిమే గొంతూ కాదు. సన్నగా, కొంచెం ముక్కుతో పలికినట్టు, ఒక్కోసారి చిన్నపిల్ల మాట్లాడినట్టు ఉంటుంది. స్వరాన్ని పెద్దగా వణికించదు. వణికించినా చివర్లో, స్వరం ఆరిపోయే ముందు, కొద్దిగా. ఇలాంటి గొంతుతో అంతర్జాతీయ పోటీలు గెలిచి, న్యూయార్క్ లాంటి ఊళ్లో నిలబడి, గ్రామీ నామినేషన్ దాకా వెళ్లడం ఎలా కుదిరింది? నేను విన్నంతలో నాకు తోచిన జవాబు ఒకటే. ఆమె బలం గొంతులో కంటే చెవిలో ఉంది. పక్కన వాద్యం ఏం చేస్తోందో విని, ఆ సందులో తన స్వరాన్ని పెట్టడంలో ఉంది. ఆ అర్థం లేని అక్షరాల్లో ఏం జరుగుతోందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. దానికంటే ముందు ఆమె పెరిగిన ఊరు తెలియాలి.

పారిస్‌కి ఆగ్నేయంగా, ఫాంటెన్‌బ్లో అడవి అంచున, సెన్ నది ఒడ్డున సమ్వా-సుర్-సెన్ అనే చిన్న ఊరుంది. జాజ్ గిటార్ వాయించేవాళ్లకి అదొక పుణ్యక్షేత్రం. గిటార్ కళాకారుడు జాంగో రైన్‌హార్ట్ 1951లో అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు, 1953లో చనిపోయాడు, ఆయన సమాధి అక్కడే ఉంది. 1928లో ఆయన కాపురముండే బండికి నిప్పంటుకుని ఎడమ చెయ్యి కాలిపోయింది. చివరి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్లతో తీగల మీద కొత్త దారి కనిపెట్టిన మనిషి. 1934లో వయొలిన్ కళాకారుడు స్తెఫాన్ గ్రపెలీతో కలిసి పారిస్‌లో కట్టిన బృందంలో మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద మంద్రస్వర తీగ వాద్యం) ఉండేవి. డ్రమ్స్ లేవు. ఆయన పేరు మీద సమ్వాలో 1968లో ఉత్సవం మొదలైంది. ఆ ఉత్సవానికి యూరప్ నలుమూలల నుంచి రోమానీ కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి, నది పక్కన విడిది చేసి, రాత్రంతా మంట చుట్టూ కూర్చుని వాయించేవి.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను. ఫ్రాన్స్‌లోని ఈ రోమానీ జనాన్ని మనూష్ అంటారు, వాళ్ల సంగీతాన్ని మనూష్ జాజ్ అంటారు. బయటివాళ్లు పెట్టిన ‘జిప్సీ’ అనే పేరు కంటే ఇది వాళ్ల సొంత మాట. రోమానీ భాష మూలాలు భారతదేశంలో ఉన్నాయి. వాళ్ల ‘మనుష్’కీ మన ‘మనిషి’కీ వేరు ఒకటే, అర్థమూ అదే. వాళ్ల భాషలో నీళ్లని ‘పానీ’ అంటారు. వెయ్యేళ్ల కిందట ఇటు నుంచి బయలుదేరిన జనం పాట ఫ్రాన్స్‌లో ఒక నది ఒడ్డున అమెరికా జాజ్‌తో కలిసిందన్న సంగతి గుర్తొస్తే, నాకు ఆ సంగీతం ఇంకాస్త దగ్గరగా వినిపిస్తుంది.

సిరీల్ ఎమే 1984లో పుట్టింది. పూర్తి పేరు సిరీల్-ఎమే దోదెల్. ‘ఎమే’ అంటే ఫ్రెంచ్‌లో ప్రియమైనది అని. నాన్న ఫ్రెంచ్, అమ్మది డొమినికన్ రిపబ్లిక్. అంటే ఇంట్లో రెండు భాషలు, రెండు రకాల లయలు. చిన్నప్పుడు ఉత్సవానికి వచ్చిన మనూష్ పిల్లలతో స్నేహం కుదిరింది. రాత్రిళ్లు కిటికీలోంచి బయటికి జారుకుని ఆ మంటల దగ్గరికి వెళ్లి పాడేదాన్నని ఆమే చెప్పుకుంది. ఆ సంగతిలో సాహసం కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది చదువు. మనూష్ పిల్లలు ఎక్కువగా పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకోరు. పెద్దవాళ్ల వేళ్లు చూస్తూ, వింటూ, తప్పు వాయిస్తూ నేర్చుకుంటారు. మన పాత గురుకుల పద్ధతి తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

ఆ మంట దగ్గర ఏం వినిపిస్తుంది? ముందుగా వినిపించేది ‘లా పొంప్’. పంపు అని అర్థం. డ్రమ్స్ లేవు కాబట్టి తాళం పని కూడా గిటారే చెయ్యాలి. కుడిచెయ్యి తీగల మీద గట్టిగా కొడుతుంది, ఎడమచెయ్యి వెంటనే వేళ్లు కాస్త సడలించి ఆ మోతని ఆపేస్తుంది. ‘జుం-చక్, జుం-చక్’ అని నీళ్ల పంపు కొట్టినట్టు నడుస్తుంది. ముఖ్యమైనది ఆ ‘చక్’. అది పుట్టీ పుట్టగానే చచ్చిపోయే శబ్దం. దాని తర్వాత చిన్న ఖాళీ మిగులుతుంది. పియానో అయితే పెడల్ తొక్కితే స్వరాలు గదంతా నిండిపోతాయి, వాటిమీద పాడాలంటే గొంతుకి బరువు కావాలి. గిటార్లు అలా నింపెయ్యవు. క్షణానికి రెండుమూడు చిన్న కిటికీలు తెరిచి మూస్తుంటాయి. సన్నని గొంతుకి ఆ కిటికీలు చాలు, కానీ సరిగ్గా అవి తెరుచుకున్నప్పుడే అందుకోవాలి. ఎమే గొంతు ఆ సందుల్లో పెరిగిందని నా నమ్మకం. తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా ఆమె మళ్లీ మళ్లీ గిటార్ల దగ్గరికే రావడం ఊరికే కాదు.

ఇప్పుడు అర్థం లేని అక్షరాల దగ్గరికి వద్దాం. దాన్ని స్కాట్ అంటారు. అంతకుముందు నుంచీ ఉన్నదే అయినా, 1926లో షికాగోలో ట్రంపెట్ కళాకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇచ్చిన ఒక రికార్డుతో అందరికీ తెలిసింది. పాట కాగితం చేతిలోంచి జారిపోయి నోటికొచ్చింది పాడాడని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, చెప్పుకోవడానికి బాగుంటుంది. 1960లో బెర్లిన్ కచేరీలో గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌కి మాత్రం నిజంగానే సాహిత్యం మర్చిపోవడం జరిగింది. ఆమె తడబడకుండా అక్కడికక్కడే మాటలు కల్పించి, ఆర్మ్‌స్ట్రాంగ్‌ని అనుకరిస్తూ స్కాట్ పాడి గట్టెక్కింది. ఆ రికార్డింగ్‌కి గ్రామీ వచ్చింది.

మనకి స్కాట్‌ని అర్థం చేసుకోవడానికి దగ్గర దారి స్వరకల్పన. అక్కడా పాట మధ్యలో సాహిత్యం ఆపి, అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ వెళ్లి మళ్లీ పల్లవి అందుకుంటారు. కానీ రెండు పెద్ద తేడాలున్నాయి. ఆ తేడాల్లోనే కిటుకంతా ఉంది.

మొదటిది అక్షరం పని. మనం ‘గ’ అంటే గాంధారమే పాడాలి, అక్షరం స్వరానికి పేరు. స్కాట్‌లో అక్షరం పేరు చెప్పదు. స్వరం ఎలా పుట్టాలో, ఎలా ఆగాలో చెబుతుంది. ‘బా’ అంటే పెదవులు విడిపడుతూ ట్రంపెట్ ఊదినట్టు మొదలవుతుంది. ‘దు’ అంటే తీగ మీటినట్టు. ‘దప్’ అంటే మీటిన తీగని వెంటనే వేలితో నొక్కేసినట్టు. ఆ రకంగా చూస్తే స్కాట్ అక్షరాలు సరిగమల కంటే మృదంగం జతులకి దగ్గర చుట్టాలు. ‘తకధిమి’లో అక్షరం చేతి దెబ్బని గుర్తుచేసినట్టు, ఇక్కడ అక్షరం వాద్యం మీద పడే వేలిని గుర్తుచేస్తుంది.

రెండో తేడా ఇంకా పెద్దది. మన కచేరీలో తంబూరా శ్రుతి మొదటి నుంచి చివరిదాకా మారదు. షడ్జమం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. జాజ్‌లో కింద నేల కదులుతూ ఉంటుంది. బార్‌కో (నాలుగు దెబ్బల చుట్టుకో) రెండు బార్లకో కార్డు, అంటే కలిపి మోగే స్వరాల గుత్తి, మారిపోతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. గాయని ‘సి’ అనే స్వరం పట్టుకుని నిలబడిందనుకోండి. కింద గిటార్ ‘సి మేజర్’ వాయిస్తుంటే అది షడ్జమంలా వినిపిస్తుంది, ఇంటికి చేరినట్టు ఉంటుంది. గిటార్ ‘ఎ మైనర్‌’కి వెళ్తే ఆమె కదలకపోయినా అదే స్వరం సాధారణ గాంధారం అయిపోయి కొంచెం దిగులు పులుముకుంటుంది. ‘ఎఫ్ మేజర్’ వస్తే పంచమం. ‘డి సెవెన్త్’ వస్తే కైశికి నిషాదం, అంటే ఇక అక్కడ ఉండలేను, ఎటో వెళ్లాలి అన్నట్టు లాగుతుంది. గ్రహభేదం (షడ్జమం స్థానం మార్చి పాడటం) చేసేవాళ్లు కచేరీలో ఎప్పుడో ఒకసారి చూపించే చమత్కారం జాజ్‌లో ప్రతి బార్‌లోనూ జరిగే మామూలు సంగతి. చాలా పాత పాటలకి ముప్పై రెండు బార్ల చట్రం ఉంటుంది. ఎనిమిది బార్ల ముక్క రెండుసార్లు, తర్వాత వేరే ఎనిమిది, మళ్లీ మొదటి ఎనిమిది. గాయని స్కాట్ పాడుతున్నంతసేపూ ఆ చట్రం ఆమె తలలో తిరుగుతూనే ఉంటుంది. వాయించేవాళ్లకి ఒక ధైర్యం ఉంది, వేలు ఏ మెట్టు మీద ఉందో కళ్లకి కనిపిస్తుంది. గొంతుకి మెట్లు లేవు, మీటలు లేవు. ముందు వినాలి, తర్వాతే పాడాలి.

వీటన్నిటికీ మీద స్వింగ్ ఉంది, జాజ్ లయలోని ఊపు. దీన్ని వివరించడానికి జాజ్ పుస్తకాలు నానా తిప్పలు పడతాయి గానీ, తెలుగు ఛందస్సు తెలిసినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఆటవెలదిలో, తేటగీతిలో వచ్చే సూర్యగణాల్లో హగణం ఉంది కదా, గురువు తర్వాత లఘువు. రెండు మాత్రలు, ఒక మాత్ర. ప్రతి దెబ్బనీ రెండు సమాన ముక్కలుగా కాకుండా అలా పొడుగు-పొట్టిగా చీలిస్తే స్వింగ్‌కి దగ్గరగా వస్తుంది. త్రిశ్ర నడక వాసన వస్తుంది. అయితే ఛందస్సులో లెక్క లెక్కే. స్వింగ్‌లో లెక్క సాగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు ముక్కలు సమానం వైపు జరుగుతాయి, నెమ్మదిస్తే పొడుగుది ఇంకా సాగుతుంది. ఒక మంచి గాయని ఒకే వాక్యంలో కూడా దాన్ని మార్చగలదు. దీనికి తోడు, నాలుగు దెబ్బల్లో ఒత్తు ఒకటో దెబ్బ మీద కాకుండా రెండు, నాలుగు మీద పడుతుంది. మనకి సమం మీద చెయ్యి వెయ్యడం అలవాటు కాబట్టి మొదట్లో తిరగబడినట్టు ఉంటుంది.

ఫ్రెంచ్ మాతృభాషగా పెరిగినవాళ్లకి ఇక్కడొక చిక్కు. స్వింగ్ పుట్టింది ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతంలో, వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు ఒరవడి పక్కన. ఇంగ్లీషులో ప్రతి మాటకీ ఒక అక్షరం మీద ఒత్తు పడుతుంది, మిగతావి నలిగిపోతాయి. ఫ్రెంచ్‌లో అక్షరాలన్నీ దాదాపు సమానంగా నడిచి, ఒత్తు పదబంధం చివర ఎక్కడో పడుతుంది. అదే అలవాటుతో జాజ్ పాడితే ప్రతి అక్షరం బుద్ధిగా వరుసలో నిలబడుతుంది, ఊపు రాదు. ఫ్రాన్స్ ఈ చిక్కుకి తనదైన దారులు వెతికింది. మిమీ పెర్రాఁ 1959లో పారిస్‌లో మొదలుపెట్టిన ‘లె దుబ్ల్ సీస్’ బృందం బిగ్ బ్యాండ్ (పెద్ద జాజ్ బృందం) వాద్యాలు వాయించిన ప్రతి స్వరానికీ ఫ్రెంచ్ మాటలు పొదిగి వాద్యాల్లాగే పాడింది. తర్వాత కొన్నేళ్లకే పారిస్‌లోనే పుట్టిన స్వింగిల్ సింగర్స్ జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతాన్ని ‘దుబ-దుబ’ అక్షరాలతో పాడి లోకమంతా వినిపించారు. గొంతుని వాద్యంగా చూడటం ఫ్రాన్స్‌లో ఎప్పుడో వేళ్లూనింది. ఎమే ఆ దారిలో వచ్చింది, కాకపోతే ఆమె కాగితం మీద రాసి పెట్టుకుని కాదు, అప్పటికప్పుడు.

ఇంగ్లీషు పాటల్లో ఆమె తన యాస దాచుకోదు. కొన్ని మాటలు ఫ్రెంచ్‌గానే పలుకుతుంది, అది వినడానికి హాయిగా ఉంటుంది. కానీ అసలు లాభం స్కాట్‌లో కనిపిస్తుంది. ఒక చిన్న సంగతి చెప్తాను, తెలుగు చెవులకి ఇది వెంటనే పట్టుబడుతుంది. ఇంగ్లీషువాళ్ల ‘డ’, ‘ట’ నాలుక పళ్ల వెనక చిగురు మీద తగిలి పుడతాయి, అందుకే మనకి అవి డ, టల్లా వినిపిస్తాయి. ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో అవి పళ్లకే తగులుతాయి, మన ద, తలకి దగ్గర. పైగా మాట మొదట్లో వచ్చే ప, త, కలని ఇంగ్లీషువాళ్లు గాలితో కలిపి వదులుతారు, ఫ్రెంచ్‌వాళ్లు వదలరు. అంటే అక్షరం మొదలు పొడిగా, పదునుగా ఉంటుంది. ఎమే ‘ద-ద-బ-ద’ అని పరిగెత్తినప్పుడు ఆ మొదళ్లు గిటార్ మీద ప్లెక్ట్రమ్ (తీగ మీటే బిళ్ల) తగిలినట్టే వినిపిస్తాయి నాకు. చాలామంది స్కాట్ గాయకులు సాక్సోఫోన్, ట్రంపెట్‌లని అనుకరిస్తారు, ఊపిరి వాద్యాలు కాబట్టి అది సహజం. ఈమె మీటే వాద్యాన్ని తెచ్చి గొంతులో పెట్టుకుంది.

ఆమె స్కాట్ సోలో ఒకటి జాగ్రత్తగా వింటే ఇంకొకటి తెలుస్తుంది. గబగబా మొదలుపెట్టదు. మూడు నాలుగు స్వరాల చిన్న ముక్క ఒకటి వదిలి ఆగుతుంది. గిటార్ దానికేదో జవాబిస్తుంది. అదే ముక్కని అర దెబ్బ వెనక్కి జరిపి మళ్లీ పాడుతుంది. మూడోసారి చివరి స్వరం మారుస్తుంది. అప్పటికి కింద కార్డు మారిపోయి ఉంటుంది, ఆ మారిన నేల మీద పాత ముక్క కొత్తగా నిలబడుతుంది. అక్కడి నుంచి పరుగు. ఆ పరుగుని కూడా చాలాసార్లు పై స్థాయిలో కేకతో కాకుండా కింద, మాట్లాడే గొంతులో ముగిస్తుంది. నాకు నచ్చనిది కూడా చెప్పాలి. మరీ వేగమైన పాటల్లో ఆమె సోలోలు మనూష్ గిటార్ నేర్చుకునే ప్రతివాడూ సాధన చేసే వేళ్ల వరసల్లా అయిపోతాయి, ఆ అక్షరాలూ మళ్లీ అవే వస్తాయి. మధ్య వేగంలో ఆమెకి సాటి వచ్చేవాళ్లు ఆమె తరంలో నాకు పెద్దగా కనిపించరు.

ఆమె ప్రయాణాన్ని ఇప్పుడు చెబితే ఎందుకు అలా సాగిందో అర్థమవుతుంది. చదువుకోసం అమెరికా వెళ్లి న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన పర్చేజ్ కళాశాలలో జాజ్ చదివింది. 2007లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో ఉత్సవంలో గాత్ర పోటీ గెలిచింది. 2009లో బ్రెజిల్ గిటార్ కళాకారుడు డియేగో ఫిగెరేడోతో కలిసి ఆల్బమ్ చేసింది, ఒక గొంతు, ఒక నైలాన్ తీగల గిటార్. మాన్‌హాటన్‌లో నేలమాళిగలో ఉండే చిన్న జాజ్ క్లబ్ స్మాల్స్‌లో పాడిన కచేరీ రికార్డుగా వచ్చింది. 2012లో, జాజ్ గాయని సారా వాన్ పేరు మీద, ఆ గాయని సొంత ఊరు న్యూఆర్క్‌లో పెట్టిన అంతర్జాతీయ పోటీలో మొదటి ఏడాది విజేత ఎమేనే.

మధ్యలో 2010 సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఏడాది జాజ్ పియానో కళాకారుడు థెలోనియస్ మంక్ పేరు మీద జరిగే పోటీ గాత్రానికి జరిగింది. మొదటి బహుమతి సెసీల్ మెక్లోరిన్ సాల్వాంట్‌కి, మూడోది ఎమేకి. సాల్వాంట్ మయామిలో పుట్టింది, తల్లి ఫ్రెంచ్, తండ్రి హైతీవాడు. ఆమె జాజ్ నేర్చుకున్నది దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో. అంటే అమెరికాలో అంత పెద్ద జాజ్ గాత్ర పోటీలో మొదటి మూడు స్థానాల్లో ఇద్దరికి ఫ్రాన్స్‌తో బంధం ఉంది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వింటే ఎమే ఏమిటో ఇంకా స్పష్టమవుతుంది. సాల్వాంట్ మాటని విప్పుతుంది. ఒక్క పదాన్ని పట్టుకుని అందులోని వెటకారం, భయం, ఆశ ఒక్కొక్కటీ బయటికి తీస్తుంది, పాటని నాటకంలా నిలబెడుతుంది. ఎమే కాలాన్ని విప్పుతుంది. ఆ పోటీ ఫలితం సరైనదేనని నేను అనుకుంటాను. అయినా మనసు తేలిక పడాలనుకున్న సాయంత్రాల్లో నేను పెట్టుకునేది ఎమే పాటలే.

2014లో మాక్ ఎవెన్యూ సంస్థ నుంచి వచ్చిన ‘ఇట్స్ ఎ గుడ్ డే’ ఆమెని చాలా మందికి చేర్చింది. ఆ బృందంలో ఎవరున్నారో చూడండి. పారిస్ మనూష్ గిటార్‌కి ఆద్రియెన్ మ్వన్యార్, జాజ్ ఎలక్ట్రిక్ గిటార్‌కి మైకేల్ వలెయాను, డబుల్ బాస్‌కి సామ్ ఆనింగ్, డ్రమ్స్‌కి రాజీవ్ జయవీర. పియానో లేదు. సమ్వా నది ఒడ్డు ఒక గిటార్‌లో, న్యూయార్క్ రెండో గిటార్‌లో, మధ్యలో ఆమె. అందులో పాత బ్రాడ్వే (న్యూయార్క్ సంగీత నాటకాల) పాటలున్నాయి, ఆమె సొంతంగా రాసుకున్నవి ఉన్నాయి, మైకేల్ జాక్సన్ పాట కూడా ఉంది. 2016లో ‘లెట్స్ గెట్ లాస్ట్’, 2018లో ఒక లైవ్ ఆల్బమ్ వచ్చాయి.

వేదిక మీద ఆమె చేసే ఇంకో పని ఉంది, లూప్ పెడల్. కాలి దగ్గర ఉండే చిన్న యంత్రం అది. ఒక ముక్క పాడి పెడల్ తొక్కితే ఆ ముక్క ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. దానిమీద ఇంకోటి పాడొచ్చు, దానిమీద మరోటి. ముందు గొంతుతోనే బాస్ లాంటి కింది వరస వేస్తుంది. దానిమీద నాలుకతో, పెదవులతో తాళం. తర్వాత రెండు మూడు గొంతుల శ్రుతి కలయిక. అప్పుడు వాటన్నిటి మీద స్కాట్. చూడటానికి సరదాగా ఉంటుంది గానీ ఇందులో తప్పుకి మన్నింపు లేదు. మొదటి వరసలో లయ వెంట్రుకవాసి తప్పినా, పెడల్ కాస్త ఆలస్యంగా తొక్కినా, ఆ తప్పు పాట అయ్యేదాకా ప్రతి చుట్టులోనూ తిరిగి వస్తుంది. స్వింగ్ పాడేవాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా. యంత్రం వినదు. మనిషి పక్కన ఉంటే సాగదీస్తే సాగుతాడు, యంత్రం సాగదు. అందుకే ఆ కొద్దిసేపటి ఊపంతా ఆమె మొదటి వరసలోనే నింపి పెట్టాలి. గిటార్లు పక్కన లేనప్పుడు తనే రెండు గిటార్లు, తనే బాస్ అయిపోయే ఈ పద్ధతి చూశాక, ఆమె చెవి గురించి నాకు ఉన్న కొద్ది అనుమానం కూడా పోయింది.

అయితే మాటలు వదిలేసినప్పుడే బాగా వెలిగే గాయని మాటలే ప్రాణమైన పాటల జోలికి వెళ్తే ఏమవుతుంది? అమెరికన్ సంగీత నాటకాల స్వరకర్త స్టీవెన్ సోండ్‌హైమ్ పాటలు సరిగ్గా అలాంటివి. ఆయన నాటకాల కోసం రాశాడు. ప్రతి పాట ఒక పాత్రది, ఒక సందర్భంలోది. అక్షరం కదిపితే ప్రాస పోతుంది, ప్రాస పోతే పాత్ర మనసు మారిపోతుంది. 2013 నవంబరులో న్యూయార్క్ సిటీ సెంటర్‌లో ట్రంపెట్ కళాకారుడు వింటన్ మార్సాలిస్ ఆధ్వర్యంలోని జాజ్ ఆర్కెస్ట్రాతో ఆయన పాటల మీద ఒక ప్రదర్శన జరిగింది. బ్రాడ్వే నటి బెర్నడెట్ పీటర్స్ లాంటివాళ్ల పక్కన ఎమే పాడింది. ఆ పరిచయం 2019లో ‘మూవ్ ఆన్: ఎ సోండ్‌హైమ్ అడ్వెంచర్’ అనే ఆల్బమ్ అయింది. నాటకం అలవాటు ఉన్నవాళ్లు ఈ పాటలని నటిస్తారు. ఎమే నటించదు. మాటని ఉన్నచోటే ఉంచి దాని కింద నేలని మారుస్తుంది, వేరే లయ, వేరే వాద్యం, వేరే ఊరు. అందులో ఒక పాట ఉంది, పెళ్లి కావాలి కానీ మరీ ఎక్కువగా వద్దు అని బేరమాడే మనిషిది. దాన్ని పాత స్నేహితుడు ఫిగెరేడో గిటార్ ఒక్కటే తోడుగా పాడింది. ఆ మనిషి తనకి తను చెప్పుకునే అబద్ధం ఆ తేలికపాటి గొంతులో మరింత జాలిగా వినిపిస్తుంది. ఆ పాటని అలా కూర్చిన తీరుకి (అరేంజ్‌మెంట్‌కి) వాళ్లిద్దరికీ గ్రామీ నామినేషన్ వచ్చింది. ఆల్బమ్ మొత్తం అలా ఉందని అనను. కొన్నిచోట్ల కూర్పు మరీ అందంగా అయిపోయి పాటలోని నొప్పి మెత్తబడింది.

అప్పటికే ఆమె న్యూయార్క్ వదిలి న్యూ ఆర్లియన్స్ వెళ్లిపోయింది. 2021లో ఎడోనిస్ రోజ్ నడిపే న్యూ ఆర్లియన్స్ జాజ్ ఆర్కెస్ట్రాతో చేసిన ఆల్బమ్‌కి ‘పెతీత్ ఫ్లర్’ అని పేరు, చిన్న పువ్వు అని. ఆ పేరు సిడ్నీ బెషే స్వరపరచిన పాటది. బెషే న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన క్లారినెట్, సోప్రానో సాక్సోఫోన్ కళాకారుడు. 1950 ప్రాంతంలో ఫ్రాన్స్ వెళ్లి స్థిరపడి, ఈ పాట అక్కడే చేసి, 1959లో అక్కడే చనిపోయాడు. ఆయన ఆ ఊరి నుంచి ఫ్రాన్స్ వెళ్లి చేసిన పాటని, ఫ్రాన్స్ నుంచి ఆ ఊరికి వచ్చిన ఆమె పాడింది. ఆ ఊరిని 1718లో కట్టింది కూడా ఫ్రెంచ్‌వాళ్లే. పెద్ద ఆర్కెస్ట్రా మధ్య ఆమె గొంతుకి చోటు తక్కువ, కొన్నిచోట్ల ఇత్తడి వాద్యాలు ఆమెని ముంచేస్తాయి. అదే ఏడాది వలెయానుతో, గొంతూ గిటారూ తప్ప ఇంకేమీ లేకుండా చేసిన ఆల్బమ్ కూడా వచ్చింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఆమెకి ఎంత ఖాళీ కావాలో చెవికే తెలిసిపోతుంది.

తర్వాత కోస్టారికాలో ఇల్లు కట్టుకుంది. 2024లో ‘ఎ ఫ్లర్ ద పో’ వచ్చింది, న్యూయార్క్ సంగీతకారుడు జేక్ షెర్మన్‌తో కలిసి చేసింది. ఫ్రెంచ్‌లో అదొక నుడికారం. చర్మం పైపొర మీదే ఉన్న మనసు, ముట్టుకుంటే చాలు తెలిసిపోయే భావం అని చెప్పుకోవచ్చు. ఇందులో పాటలు ఎక్కువగా ఆమె రాసుకున్నవే. ఇరవై ఏళ్లు ఇతరుల పాటల మధ్య సందులు వెతికి పాడిన మనిషి ఇప్పుడు ఆ సందులు ఉండేలా పాట తనే కడుతోంది. మొదటిసారి వినేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతుని కాసేపు పక్కన పెట్టి, కింద బాస్ ఎక్కడ నడుస్తోందో ముందు పట్టుకోండి. రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చెయ్యి వెయ్యండి. అప్పుడు గొంతు దగ్గరికి రండి.